ఎపిసోడ్ 61: ఆ ఇద్దరూ ఏమవుతారు? (మళ్లీ ఫర్నిచరే, క్షమించండి)

సుధ: ఎర్ర లైటు వెలిగింది. కానివ్వు.

కిరణ్: అందరికీ నమస్తే. ఇవాళ ఆపేసిన యాడ్ల గురించి. టీవీ యాడ్‌లో ఇద్దరు మగవాళ్లో, ఇద్దరు ఆడవాళ్లో జంటగా కనిపిస్తారు, ఫిర్యాదులు వస్తాయి, కంపెనీ వెనక్కి తగ్గుతుంది. అలాంటివి కొన్ని, ఆపకుండా వేసినవి కొన్ని చూద్దాం. అవి ఏ టైమ్‌లో వేశారన్నది కూడా…

సుధ: అప్పుడే! యాడ్ పడే టైమ్, అదే నీ స్లాట్, దాని ఊసు ఎత్తుతావని పందెం కాశాను కదా. రికార్డింగ్ చూసే బాబీ, రాసుకో. పందెం నాదే.

కిరణ్: స్లాట్ అన్న మాటే అనలేదు నేను.

సుధ: ఇప్పుడన్నావుగా. సరే, మొదటిది చెప్పు.

కిరణ్: 2008, బ్రిటన్. హైంజ్ వాళ్ల డెలి మయో, అంటే శాండ్‌విచ్‌లో రాసుకునే మయొనైజ్. పొద్దున్నే వంటింట్లో ఏప్రన్ కట్టుకున్న ఒకాయన న్యూయార్క్ యాసలో మాట్లాడుతూ శాండ్‌విచ్‌లు చేసిస్తుంటాడు. పిల్లలు ఆయన్ని అమ్మా అని పిలుస్తారు. నాన్న హడావిడిగా ఆఫీసుకి బయల్దేరుతుంటే, ఏదో మర్చిపోయావే అని ఆపి ముద్దు పెట్టించుకుంటాడు. టప్‌మని ఒక్కటే. దాదాపు 200 ఫిర్యాదులు. యాడ్ ఆగిపోయింది.

సుధ: అసలు అది ఈ లిస్టులో ఎందుకుంది? వాళ్లు జంటే కాదు.

కిరణ్: ముద్దు పెట్టుకున్నారు కదమ్మా!

సుధ: ఆ మనిషి అమ్మే, నాయనా! ఆ మయో రాస్తే మామూలు అమ్మ కూడా డెలి, అంటే శాండ్‌విచ్ షాపు, కౌంటర్ వెనకున్న మాస్టర్ చేసినట్టు చేస్తుందని జోకు. ఆ ఇంట్లో ఉన్నది మొగుడూ పెళ్లామే. ఫిర్యాదు చేసినవాళ్లు ఇద్దరు మగవాళ్ల జంట అనుకుని చేశారు. ఆపేసినందుకు గే హక్కుల సంస్థ స్టోన్‌వాల్ వాళ్లు హైంజ్ సరుకు కొనొద్దన్నారు. రెండు పక్కలా కలిసి లేని జంట కోసం కొట్టుకున్నారు.

కిరణ్: లేని జంటేంటి? తెర మీద కనపడింది ఇద్దరు మగవాళ్లు. చూసేవాడి పక్కన కూర్చుని ఏజెన్సీ వాళ్లు స్క్రిప్టు చదివి వినిపిస్తారా? ఇంకోటి, కొవ్వు ఎక్కువున్న సరుకని ఆ యాడ్‌ని పిల్లల ప్రోగ్రాముల్లో వెయ్యకూడదన్న ఆంక్ష ముందే ఉంది. అంటే స్లాట్ ప్రకారం…

సుధ: రెండు.

కిరణ్: లెక్కపెట్టుకో. కంపెనీ ఏమనుకుందో నాకనవసరం. చూసినవాళ్లకి జంట కనపడితే జంటే.

సుధ: పాత ఎపిసోడ్‌లో నీలం చొక్కా మీద వాదన అప్పుడూ ఇదే అన్నావు.

కిరణ్: నీలం చొక్కాలో నేనే కరెక్టు! సరే, ఫోక్స్‌వాగన్ తీసుకో. 1997, అమెరికా. ఇద్దరు కుర్రాళ్లు గోల్ఫ్ కారులో ఊరికే తిరుగుతుంటారు. మాటల్లేవు, వెనక ‘డా డా డా’ పాట. రోడ్డు పక్కన ఎవరో పారేసిన కుర్చీ కనపడుతుంది, ఎక్కించుకుంటారు. కాసేపటికి ఇద్దరూ ముక్కులు ఎగబీలుస్తారు. కంపు. దించేసి పోతారు. అంతే యాడ్.

సుధ: ఇద్దరు రూమ్మేట్లు. కుర్చీ దొరికింది, పారేశారు. ఎక్కడుంది జంట?

కిరణ్: అది టీవీలో మొదట పడింది ఎప్పుడో తెలుసా? ఏప్రిల్ 30న, ‘ఎలెన్’ సీరియల్లో హీరోయిన్ తాను లెస్బియన్‌నని బయటపెట్టే ఎపిసోడ్‌లో. క్రైస్లర్, జేసీ పెన్నీ లాంటివాళ్లు ఆ ఎపిసోడ్ మాకొద్దని తప్పుకున్నారు. సరిగ్గా అక్కడ ఈ ఇద్దరు కుర్రాళ్లు. అక్కడ చూసినవాడికి జంట. అదే యాడ్ ఏ ఆటల మ్యాచ్ మధ్యలోనో చూస్తే ఫ్రెండ్స్. ఒక్క ఫ్రేము మారలేదు. స్లాటే కథ రాసింది! ఇన్నేళ్లుగా నేను మొత్తుకునేది ఇదే.

సుధ: …సరే, ఆ పాయింటు బాగుంది. కానీ నువ్వు తెలివి అంటున్నావే, నాకది పిరికితనం. గే వాళ్ల దగ్గరికెళ్లి మీ కోసమే అంటారు, మిగతావాళ్ల దగ్గర అబ్బే, ఫ్రెండ్సండీ అంటారు. రెండు చోట్లా కార్లు అమ్ముకుంటారు.

కిరణ్: 1997లో అంతకంటే ఏం చెయ్యగలరు?

సుధ: ఐకియా మూడేళ్ల ముందే చేసింది! 1994, అమెరికాలో. ఇద్దరు మగవాళ్లు డైనింగ్ టేబుల్ కొనుక్కుంటారు. ఒకడికి పల్లెటూరి స్టైల్ ఇష్టం, రెండోవాడికి అదంటే దడ. ఒకరి మాటకి ఒకరు అడ్డం పడుతుంటారు. ఆ టేబుల్‌కి అదనంగా ఒక పలక వేసి పొడుగు చేసుకోవచ్చు. ఆ పలక కొన్నామంటే కలిసే ఉంటామన్నట్టే అని వాళ్లే చెప్పుకుంటారు. నాకు ఏడుపొచ్చింది అది చూసి. చెక్క ముక్క చూసి!

కిరణ్: రాత్రి పది తర్వాతే వేశారు.

సుధ: వేశారు కదా!

కిరణ్: పిల్లలు పడుకున్నాక. సిగ్గుపడుతూ.

సుధ: న్యూయార్క్ పక్కన వాళ్ల షోరూమ్‌కి బాంబు బెదిరింపు వచ్చింది కిరణ్. సిగ్గు పడ్డవాళ్లకి బెదిరింపులు రావు. నీ లెక్కలో పదిన్నరకి నిజం చెప్పినవాడు తక్కువ, ప్రైమ్ టైమ్‌లో నోరు విప్పనివాడు ఎక్కువా?

కిరణ్: అలా అనలేదు.

సుధ: అలాగే అన్నావు.

(కాసేపు ఎవరూ మాట్లాడరు)

కిరణ్: ఆ మెయిల్ చదవనా? అదే, పేరు చెప్పొద్దన్నావిడది.

సుధ: ఊఁ. చదువు.

కిరణ్: ‘మేమిద్దరం ఆడవాళ్లం, కలిసే ఉంటాం. అమ్మకి తెలుసు, తెలియనట్టే ఉంటుంది. మొన్న అందరం టీవీ చూస్తుంటే ఇద్దరమ్మాయిల యాడ్ వచ్చింది. నేనూ తనూ ఒకేసారి రిమోట్ వైపు చూశాం. అది అమ్మ దగ్గరుంది. అమ్మ ఛానెల్ మార్చలేదు. ఆ కర్టెన్లు బాగున్నాయే అంది.’

సుధ: (నవ్వు) కర్టెన్లు! అబ్బ, ఆవిడ.

కిరణ్: మళ్లీ ఫర్నిచరే.

సుధ: కర్టెన్ ఫర్నిచర్ కాదు. పెద్దమ్మ రూలు అదేగా, మర్చిపోయావా?

కిరణ్: మర్చిపోలేదు. సరే, టాపిక్ మిగిలిపోయింది, గబగబా. 2019 డిసెంబర్, అమెరికాలో హాల్‌మార్క్ ఛానెల్. పెళ్లి ఏర్పాట్ల వెబ్‌సైట్ జోలా వాళ్ల యాడ్లు. ఇద్దరు పెళ్లికూతుళ్లు ముద్దు పెట్టుకున్నవి తీసేశారు, మగా ఆడా ముద్దు పెట్టుకున్నది ఉంచారు. గొడవయ్యాక క్షమాపణ చెప్పి మళ్లీ వేస్తామన్నారు. ఒకటి. 2021 అక్టోబర్, మన దేశంలో డాబర్ ఫెమ్. ఇద్దరాడవాళ్లు ఒకరి కోసం ఒకరు కర్వాచౌత్, అదే మొగుడి కోసం చేసే ఉపవాసం, చేస్తారు. మధ్యప్రదేశ్ హోంమంత్రి కేసు పెడతామన్నారు, కంపెనీ తీసేసి క్షమాపణ చెప్పింది. రెండు.

సుధ: అందులో అమ్మేది బ్లీచ్ అని కూడా చెప్పు. పండగని తిట్టినవాళ్లు ఒకపక్క, ఇంత చేసి మళ్లీ మొహం తెల్లబరచడానికా అన్నవాళ్లు ఇంకోపక్క. నేను రెండో గుంపు.

కిరణ్: అది వేరే ఎపిసోడ్.

సుధ: అన్నీ వేరే ఎపిసోడే నీకు. నేనొక్కటి అడుగుతా. క్యాంప్‌బెల్స్ సూప్‌ది 2015లో వచ్చింది, ఇద్దరు నాన్నలు ‘స్టార్ వార్స్’ గొంతు పెట్టి నీ నాన్నని నేనంటే నేనని పిల్లాడికి సూప్ తినిపిస్తారు. నాకు చాలా ఇష్టం. ఎందుకంటే అక్కడ జంట లేకపోతే జోకే లేదు, కోసేసి పక్కన పెట్టడం కుదరదు. మిగతావాటిలో ఒక్క సెకను కనపడి పోతారు. అదీ పాతికేళ్లవాళ్లు, తళతళలాడే ఇల్లు, పకపకా నవ్వులు. మందు బిళ్ల వేసుకున్నావా లేదా అని సణుక్కునే అరవయ్యేళ్ల ఇద్దరు మగవాళ్లని ఎవరు చూపిస్తారు?

కిరణ్: మోకాళ్ల నొప్పుల తైలం వాళ్లు చూపించాలి.

సుధ: జోకు కాదు.

కిరణ్: జోకు కాదు, నిజంగానే. మధ్యాహ్నం రెండింటికి వెయ్యాలి. పెద్దవాళ్లు ఇంట్లో ఉండే…

సుధ: మూడు! బాబీ, మూడు!

కిరణ్: బాబీ చెయ్యూపుతున్నాడేంటి?

సుధ: రికార్డింగ్ కార్డు నిండిపోయిందట.

కిరణ్: ఇంకా రెండు యాడ్లున్నాయి! ఒక్క నిమిషం, కోకా కోలాది 2014లో అమెరికా ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్ బౌల్ అప్పుడు పడింది, ఆ స్లాట్ ధర…