గాలికీ కరువు కాలాలుంటాయి

హోస్ట్: నమస్కారం, చెన్నై నుంచి మాట్లాడుతున్నాం. ఈ అన్న సొంతూరు అనంతపురం. గాలిమరలు పెట్టే ముందు ఆ చోట ఎంత గాలి వస్తుందో లెక్క కట్టే ఇంజనీరు. అన్నా, ఆడి మాసం (జూలై, ఆగస్టు నడుమ వచ్చే తమిళ నెల) గాలికి సన్నికల్లు కూడా ఎగురుతుందంటారు ఇక్కడ. అలాంటి గాలికీ కరువొస్తుందా?

అతిథి: వస్తుంది తమ్ముడూ. 2020 జూలైలో, సరిగ్గా సీజన్ మధ్యలో, మన దేశంలో గాలి కరెంటు బాగా పడిపోయింది. మరుసటి ఏడాది యూరప్ వంతు.

హోస్ట్: ఒక ఏడాది తగ్గితే తర్వాత సర్దుకోదా?

అతిథి: సర్దుకుంటుంది. నా టెన్షన్ పదేళ్లు, ఇరవై ఏళ్లు సాగే తగ్గుదల గురించి. గాలిలోని శక్తి వేగాన్ని బట్టి కాదు, వేగం ఘనాన్ని బట్టి మారుతుంది. సెకనుకు 8 మీటర్ల గాలి 7కి దిగిందనుకో. 8 ఘనం 512, 7 ఘనం 343. వేగం ఎనిమిదో వంతే తగ్గింది, శక్తి మూడో వంతు పోయింది! చెంప మీద ఆ తేడా నీకు తెలియను కూడా తెలియదు. మర కోసం చేసిన అప్పు తీర్చాల్సినవాడికి మాత్రం బాగా తెలుస్తుంది.

హోస్ట్: అలా ఏళ్ల తరబడి తగ్గిన సందర్భం ఉందా?

అతిథి: ఉంది. 1980ల నుంచి 2010 దాకా ప్రపంచంలో చాలాచోట్ల నేల దగ్గరి గాలి నెమ్మదించింది, ఆ తర్వాత మళ్లీ పుంజుకుంది. కొలిచే కేంద్రాల చుట్టూ చెట్లు, ఇళ్లు పెరగడం కొంత కారణం. కానీ పుంజుకున్నప్పుడు ఆ ఇళ్లేమీ కూలిపోలేదు కదా? అందుకే సముద్రాల, వాతావరణపు సొంత ఊగిసలాట పాత్ర పెద్దదని నేను నమ్ముతాను. మన సంగతి ఇంకా సున్నితం. హిందూ మహాసముద్రం వేడెక్కితే నేలకూ నీటికీ ఉష్ణోగ్రత తేడా తగ్గుతుంది, రుతుపవనాలను లాగే బలమూ తగ్గుతుంది. 1980 నుంచి 2016 దాకా మన దేశంలో గాలి శక్తి తగ్గడానికి దీన్నే కారణంగా చూపిన అధ్యయనం 2018లో వచ్చింది.

హోస్ట్: మరి కన్యాకుమారి దగ్గర గాలిమరలతో నిండిన ముప్పందల్ సంగతి?

అతిథి: అక్కడ పడమటి కనుమల సందులోంచి, ఆరల్వాయ్‌మొళి దగ్గర, నైరుతి గాలి దూసుకొస్తుంది. ఏడాది రాబడిలో ఎక్కువ భాగం ఆ నాలుగైదు నెలల్లోనే. మేం స్తంభం నాటి, దానికి గాలి వేగాన్ని కొలిచే కప్పుల మీటరు బిగించి, పది నిమిషాలకో సగటు చొప్పున ఏడాదో రెండేళ్లో కొలుస్తాం. మర బతికేది పాతికేళ్లు! ఆ చిన్న కొలతను 1940 నుంచి ఉన్న ఈఆర్ఏ5 లాంటి వాతావరణ డేటాతో జతచేసి చూడాలి. గత ఇరవై ఏళ్ల సగటే వచ్చే పాతికేళ్లూ ఉంటుందని రాసే రిపోర్టును నేను ఒప్పుకోను. మంచి దశాబ్దానికి ఎంత, చెడ్డ దశాబ్దానికి ఎంత అని రెండూ రాయాలి.

హోస్ట్: ఇప్పుడు పాత చిన్న మరలు తీసేసి పెద్దవి పెడుతున్నారుగా?

అతిథి: అక్కడే నాదొక విన్నపం. ఇరవై, ముప్పై ఏళ్లు తిరిగిన మర అంటే అన్నేళ్ల గాలి రికార్డు. అది నెలనెలా ఎన్ని యూనిట్లు ఇచ్చింది, రిపేరుకు ఎన్ని గంటలు ఆగింది అన్న లాగ్ పుస్తకాలను తుక్కుతో పాటు అమ్మేయకండి. మా రామగిరి కొండల మీది మరలకైనా సరే, ఇక్కడివాటికైనా సరే. స్కాన్ చేసి చెన్నై పళ్లికరణైలోని జాతీయ పవన విద్యుత్ సంస్థకు ఇవ్వండి. ఆగిన గంటలు, అరుగుదల తీసేస్తే మిగిలేది ఆ కొండ మీద వీచిన అసలు గాలి.