సుగ్గికి పోయిన ఊళ్లో ఎర్రజెండా

అందరికీ నమస్కారం. పెట్టుబడిదారీ సంక్షోభం, వామపక్షాల భవిష్యత్తు అని నాకు టాపిక్ ఇచ్చారు. నేను కర్నూలు జిల్లా కోసిగి దగ్గర ఒక పల్లెతో మొదలుపెడతాను.

రెండేళ్ల కింద జనవరి ఆఖర్లో సభ్యత్వాల పని మీద ఆ ఊరికి పోయాం. వీధంతా తాళాలు. కొన్ని ఇళ్లకు తాళం కూడా లేదు, వాకిలికి అడ్డంగా ముళ్లకంప వేసి పోయారు. ఒక అరుగు మీద ఒక జేజి చేటలో కందులు ఏరుకుంటూ ఉంది, పక్కన ఇద్దరు మనవళ్లు. చిన్నోడి మెడలో దారానికి ఒక తాళంచెవి వేలాడుతోంది. అది పక్కింటోళ్లదంట, పారేసుకోకుండా ఉంటాడని పిల్లోడి మెడకు కట్టి పోయారంట. ‘ఏం జేజీ, ఊళ్లో ఎవరూ లేరా?’ అంటే ‘అందరూ సుగ్గికి పోయిరి నాయనా, గుంటూరు దిక్కు, మిరపకాయలు కోసేకి’ అంది. సుగ్గి అంటే మా దిక్కు కోతల కాలంలో కూలికి వలస పోవడం. తర్వాత మా చేతిలో జెండా చూసి ‘మీరు పోలేదా?’ అని అడిగింది. జెండా పట్టుకున్నోళ్లు కూడా కూలికి పోయేవాళ్లే అనుకుని మామూలుగా అడిగిన మాట అది. నాకు మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

సీమలో పుట్టినోళ్లకు కరువంటే ఏందో ఎవరూ చెప్పనక్కర్లేదు. వాన రాకుంటే పంట రాదు, పంట రాకుంటే తిండి లేదు. మార్క్స్, ఎంగెల్స్ 1848లో కమ్యూనిస్టు ప్రణాళికలో చెప్పింది ఇంకో రకం కరువు, సరుకు ఎక్కువై వచ్చే కరువు. పత్తికొండ టమోటా రైతుకు ఇది చదవకుండానే తెలుసు. కోత కూలి, ఆటో బాడుగ కూడా రాని ధర పలికితే గంపలు రోడ్డు పక్కన కుమ్మరించి ఇంటికి పోతాడు. అదే రోజు కర్నూల్లో ఒక కూలి ఇంట్లో టమోటా కొనలేక ఉత్త చింతపండు చారుతో సరిపెట్టుకుంటారు. సరుకు ఉంది, ఆకలి కూడా ఉంది, రెండింటి మధ్య లాభం అడ్డంగా కూర్చుంది.

ఇది ఎట్లా జరుగుతుందో చాలా సులువుగా చెప్పొచ్చు. ప్రతి యజమానీ తన దగ్గర పనిచేసే వాళ్లకు కూలి తగ్గించాలనుకుంటాడు, పక్క యజమాని దగ్గర పనిచేసే వాళ్లు మాత్రం తన సరుకు బాగా కొనాలని కోరుకుంటాడు, అందరూ అట్లే అనుకుంటే కొనే చేతుల్లో డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? ఆ లోటును అప్పుతో పూడుస్తారు. అమెరికాలో జీతాలు పెరగని జనానికి ఇంటి అప్పులు ఇచ్చుకుంటూ పోయి 2008 సెప్టెంబరు 15న లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు కూలేదాకా తెచ్చుకున్నారు. మన దగ్గర ఆ పని పేదలకు చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ కంపెనీలు చేశాయి. వారం వారం కిస్తీ కట్టలేక ఆడవాళ్లు ప్రాణాలు తీసుకునే దాకా వచ్చాక, 2010 అక్టోబరులో వాటిని కట్టడి చేసేకి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది.

మన చెనిక్కాయ, అదే వేరుశనగ, సంగతి కూడా ఇంతే. వాన మోసం చేసింది నిజమే, కాదనను. కానీ 1990ల మొదట్లో దేశం వంటనూనెలో దాదాపు తన కాళ్ల మీద తాను నిలబడింది. 1994లో పామాయిల్ దిగుమతికి తలుపులు తెరిచారు. ఇప్పుడు మనం తినే నూనెలో సగానికి పైగా బయటి నుంచి వచ్చేదే. ఇండోనేసియా, మలేసియా పామాయిల్ తోటల్లో కూలి ముఖం రాప్తాడు రైతు ఎప్పుడూ చూడలేదు, కానీ ఇద్దరినీ ఒకే బజారులో పోటీకి నిలబెట్టారు. విత్తనం కాయలు ఒలిచి ఒలిచి బొటనవేలి గోరు చిట్లిపోయిన ఆడవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. వాళ్ల కూలి ఎందుకు పెరగలేదో అడిగితే, ఆ జవాబులో మలేసియా కూడా ఉంటుంది.

సంక్షోభం ముదిరితే జనం వాళ్లంతట వాళ్లే మన దగ్గరకు వస్తారని మనలో చాలామందికి ఒక నమ్మకం ఉంది. మార్క్స్‌కు కూడా ఒకప్పుడు ఉండేది. 1857లో అమెరికాలో బ్యాంకులు కూలి ఆ దెబ్బ యూరప్ దాకా పాకినప్పుడు, విప్లవం వచ్చేలోపు తన ఆర్థికశాస్త్రం నోట్సు పూర్తి చేయాలని లండన్‌లో రాత్రిళ్లు కూర్చుని రాశాడు. సంక్షోభం వచ్చింది, పోయింది, విప్లవం రాలేదు. 1864లో లండన్‌లో అంతర్జాతీయ కార్మిక సంఘం పుట్టినప్పుడు మాత్రం ఆయన పోయి దాంట్లో కూర్చున్నాడు. 1866లో బ్రిటన్ దర్జీలు కూలి కోసం పోరాడుతుంటే, దాన్ని దెబ్బతీయడానికి యజమానులు జర్మనీ నుంచి దర్జీలను దింపే పనిలో పడ్డారు. మోసపోయి రావద్దని జర్మనీ కార్మికులను హెచ్చరిస్తూ అక్కడి పత్రికలకు మార్క్స్ స్వయంగా రాశాడు. ఆయన పెద్ద పుస్తకం క్యాపిటల్ మొదటి సంపుటి మరుసటి ఏడాది వచ్చింది. ఆ పుస్తకం ఎంత ముఖ్యమో దర్జీల కోసం రాసిన ఆ చిన్న హెచ్చరిక కూడా నాకు అంత ముఖ్యం.

సంక్షోభం ఎటువైపైనా తిరగొచ్చు. 1932 నవంబరులో జర్మనీ కమ్యూనిస్టులకు దాదాపు 60 లక్షల ఓట్లు వచ్చాయి, మూడు నెలలు తిరక్కముందే, జనవరిలో, హిట్లర్ గద్దెనెక్కాడు. భయంలో ఉన్న మనిషికి పక్కన ఎవరు నిలబడి ఉంటే వాళ్ల మాటే చెవికెక్కుతుంది.

మన దేశానికి వస్తే, 2004లో వామపక్షాలకు లోక్‌సభలో 60 సీట్ల దాకా ఉండేవి. ఆ బలం ఏం చేయగలదో మన అనంతపురం జిల్లా చూసింది. 2005లో ఉపాధి హామీ చట్టం వచ్చింది, 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ఆ పథకం మొదలైంది. 2024లో అన్నీ కలిపి 8 సీట్లు. 2025 డిసెంబరులో ఆ చట్టాన్నే తీసేసి ఇంకో చట్టం తెచ్చారు. ఈ రెండింటికీ సంబంధం లేదని నేను అనుకోను.

ఎందుకు తగ్గాం? దాడులు, డబ్బు, మీడియా, అన్నీ కారణాలే. మన తప్పు కూడా చెప్పుకోవాలి. సుగ్గికి పోయేది ఎక్కువగా ఎస్సీ, బీసీ ఇళ్ల వాళ్లు. వర్గం ముందు, కులం సంగతి తర్వాత అని మనం దశాబ్దాలు గడిపాం, ఆ ‘తర్వాత’ అనేది ఎప్పటికీ రాలేదు. ఇంకొకటి, కూలి మనిషి మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని బండెక్కి వెళ్లిపోయాడు, మనం మాత్రం ఆఫీసు బోర్డు కిందే ఉండిపోయాం. పీఎఫ్ డబ్బు మొత్తం తీసుకోకుండా కేంద్రం కొత్త నిబంధన తెస్తే, 2016 ఏప్రిల్‌లో బెంగళూరులో వేలవేల మంది గార్మెంట్ కార్మికులు, ఎక్కువగా ఆడవాళ్లు, రోడ్ల మీదికి వచ్చేశారు. రెండో రోజుకే కేంద్రం వెనక్కి తగ్గింది. పెద్ద సంఘాలేవీ పిలుపు ఇవ్వలేదు, వాళ్లే కదిలారు. జనానికి చైతన్యం లేదని ఇంకెవరైనా అంటే నాకు కోపం వస్తుంది.

1952 ఎన్నికల్లో కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి జైల్లో ఉండి ఇదే అనంతపురంలో నీలం సంజీవరెడ్డిని ఓడించారు. ఆయన లోపల ఉన్నా ఆయనతో తిరిగినోళ్లు ఊళ్లో, చేలో, కూలోళ్ల మధ్యే ఉన్నారు. ఇప్పుడు ఆ చేను గుంటూరులో ఉంది, బెంగళూరు అడ్డాలో ఉంది, బైక్ మీద అన్నం పార్సిల్ మోసే పిల్లోడి ఫోన్లో ఉంది.

అందుకే ఈసారి సుగ్గికి మేం ఆరుగురం పోతున్నాం, రెండు నెలలు. మిరపచేలో పని చేస్తాం, వాళ్లు పడుకునే పరదాల్లోనే పడుకుంటాం, మేస్త్రి లెక్కలు వాళ్లతో కూర్చుని చూస్తాం. బయట బల్ల మీద ఒక నోటుబుక్కు పెట్టాం. మీ ఇంటి నుంచి గానీ మీ వీధి నుంచి గానీ పోయినోళ్లు ఎవరున్నారో, ఏ ఊళ్లో ఏ పని చేస్తున్నారో పోయేముందు దాంట్లో రాయండి. మాతో ఎవరైనా వస్తామంటే ఆ పేరు కూడా రాయండి.