గొంతు ఎక్కడ ఆగాలి?

శ్రోతలకు నమస్కారం. మన విశాఖలో ఏ పందిట్లోనైనా ఎవరో ఒకరు "సిరికిం జెప్పడు" అని ఎత్తుకుంటే పక్కవాళ్లు వెంటనే అందుకుంటారు. పోతన గజేంద్రమోక్షం అంతగా నోళ్లలో నలిగింది. నలిగిన పద్యాన్నే తప్పుగా ఆపేస్తుంటాం.

మొదటి పాదం "సంధింపడే" అని ముగుస్తుంది. పాదం అయింది కదా అని అక్కడ రాగం తీస్తారు. అప్పుడు వినేవాడికి "సంధింపడే!" అని ఎవరో ఫిర్యాదు చేస్తున్నట్టు ఉంటుంది. నిజానికి చివర ఉన్న ఆ 'ఏ' తర్వాతి పాదంలోని 'పరివారంబును' అనే మాటది. ఏ పరివారాన్నీ పిలవడు అని అర్థం. రెండో పాదం చివర ఇంకా కష్టం. "ఆకర్ణికాం" అని ఆగితే, "తర" అని మొదలుపెట్టాలి. మాట నడుమకు విరిగిపోతుంది.

పోతనకు కుదరక ఇలా రాశాడనుకోను. విష్ణువు ఉన్నపళంగా బయల్దేరాడు, పాదం చివర పద్యానికీ ఆగే వీలు లేదు. మరి ఊపిరి ఎక్కడ తీసుకోవాలి? చెప్పడు, సంధింపడు, చీరడు, పన్నింపడు... ఆ క్రియల దగ్గర, అదీ క్షణం సేపే, స్వరం వాలనీయకుండా. ఇదంతా ఎందుకో చెప్పే "గజప్రాణావనోత్సాహియై" (ఏనుగు ప్రాణం కాపాడే ఉత్సాహంతో) అనే మాట చిట్టచివర గానీ రాదు. అప్పుడు దించాలి గొంతు.

దీనికి ముందున్న "అల వైకుంఠపురంబులో" కూడా ఇదే ఛందస్సు, మత్తేభమే. పాదానికి అవే 20 అక్షరాలు, అవే గణాలు, అంటే గురులఘువుల అవే గుంపులు. కానీ అక్కడ తొందరేమీ లేదు. పురం, అందులో నగరు, ఓ మూల మేడ, మందారవనం, కొలను, ఒడ్డున చంద్రకాంత శిల. ఒక్కొక్కటే చూపిస్తూ లోపలికి తీసుకెళ్లాలి. "పాహి పాహి" అన్న కేక వినబడ్డాకే నడక మారుతుంది. రెండిటినీ ఒకే వేగంతో లాగించేస్తే గణాలు మిగులుతాయి, కథ మిగలదు. (రంగస్థల పద్యంలో వన్స్ మోర్ కోసం తీసే రాగాల సంగతి వేరు. వాటి జోలికి పోను.)

సిరిపురంలో ఎవరి పేరిట కళాక్షేత్రం ఉందో ఆ గురజాడ తన "పూర్ణమ్మ" గేయానికి వేరే లెక్క, మాత్రల లెక్క ఎంచుకున్నాడు. మాత్ర అంటే ఒక పొట్టి అక్షరం పలికేంత సేపు. మొదటి చరణంలో మూడు పాదాలు పదహారేసి మాత్రలు, నాలుగు నాలుగుగా సమంగా నడుస్తాయి. నాలుగోది, "విన్నారమ్మా ఈ కథను", పొట్టిది. ముసలివాడికి కట్టబెట్టిన పిల్ల కథ కాబట్టి ఏడుపు గొంతుతో చదవాలని చాలామందికి అనిపిస్తుంది. నాకైతే అది నచ్చదు. ఆడుకునే పిల్లల పాటలా తాళం చెదరకుండా చదివి, ఆ పొట్టి పాదం తర్వాత మిగిలిన మూడు మాత్రల జాగాను ఖాళీగా వదిలేస్తే చాలు. ఏడవాలో వద్దో వినేవాళ్లు చూసుకుంటారు.