నాణేన్ని తోమొద్దు: గ్రేడింగ్‌కు ముందు మాట

అందరికీ నమస్కారం. అమలాపురంలో నాణేల గురించి మాట్లాడాలంటే ముందు గాలి గురించి మాట్లాడాలి. ఇటు అంతర్వేది, అటు ఓడలరేవు, మధ్యలో ఎటు చూసినా కాలువలు, చెరువులు. తేమకు కొదవ లేదు. సముద్రం దగ్గరి ఊళ్లలో గాలిలో ఉప్పు కూడా ఉంటుంది. ఆ రెండూ కలిసి రాగి ఉన్న నాణేనికి తగిలితే చిలుము పట్టక మానదు.

మీలో చాలామంది దగ్గర ఉండే నాణేన్నే తీసుకుందాం. ఎన్టీఆర్ శతజయంతికి వచ్చిన వంద రూపాయల నాణెం. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము విడుదల చేశారు, హైదరాబాద్ టంకశాలలో తయారైంది. వెండి నాణెం అంటాం గానీ, అందులో వెండి 50 శాతమే. రాగి 40 శాతం, నికెల్, జింక్ ఐదేసి శాతం. గంధకం తగిలితే వెండి నల్లబడుతుంది, తేమకూ ఉప్పుకూ రాగి పాడవుతుంది. అంటే దానికి రెండు రకాల బెడద. రబ్బరు బ్యాండులో గంధకం ఉంటుంది. పెట్టె మూత ఊడకుండా బ్యాండు వేసి బీరువాలో దాచినవాళ్లు ఇంటికెళ్లగానే తీసేయండి.

గ్రేడింగ్‌కు, అంటే నాణెం స్థితిని బట్టి అంకె వేయించడానికి, పంపుదాం అనగానే ఇంట్లో ఎవరో ఒకరు చింతపండు తెస్తారు. రాగి చెంబును తోమినట్టు తోమేస్తారు. మెరుస్తుంది, కాదనను. కానీ పులుపు పైపొరను కరిగిస్తుంది, పీచు సన్నటి గీతలు పెడుతుంది. గ్రేడింగ్‌లో 1 నుంచి 70 వరకు అంకె ఇస్తారు. 70 రావాలంటే ఐదు రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంలో కూడా తయారీ తర్వాత పడిన లోపం కనబడకూడదు. తోమిన నాణేనికి అంకె వేయరు, లోపం ఉందని తెలిసేలా ‘డీటెయిల్స్’ అని రాసి వెనక్కి పంపుతారు.

మరి కన్జర్వేషన్ చేసేవాళ్లు, అంటే నాణెం పాడవకుండా శుభ్రపరిచే నిపుణులు, చేసేదేమిటి? నాణేలకు గ్రేడింగ్ చేసే అమెరికా సంస్థలు పీసీజీఎస్, ఎన్‌జీసీ రెండింటిలోనూ ఈ సేవ ఉంది. వాళ్లు మెరుగు పెట్టరు. మచ్చ లోహం మీద ఊరికే కూర్చుందా, లోహాన్నే తినేసిందా అని ముందు చూస్తారు. పీవీసీ అనే మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో పెట్టిన నాణేలకు పచ్చటి జిగురు పడుతుంది, చూసే ఉంటారు. తొలిదశలో అది పూర్తిగా పోతుంది. ఏళ్ల తరబడి వదిలేస్తే ఆ ప్లాస్టిక్ నుంచి పుట్టే ఆమ్లం లోహంలో గుంటలు పెడుతుంది. ఆ గుంటల్ని ఎవరూ పూడ్చలేరు. గీతలూ అంతే. 999 వెండి, అంటే దాదాపు స్వచ్ఛమైన వెండి, నాణేల మీద వచ్చే తెల్లటి పాలమచ్చల్ని తీస్తామని నిపుణులు కూడా హామీ ఇవ్వరు.

తొలిదశ జిగురుకు స్వచ్ఛమైన ఎసిటోన్ సరిపోతుంది. గోళ్ల రంగు తీసే ద్రవం వద్దు, అందులో వేరేవి కలుస్తాయి. గాజు గిన్నెలో, పొయ్యికి దూరంగా నానబెట్టి, రుద్దకుండా ఆరనివ్వండి. రంగు వేసిన నాణేలను మాత్రం అందులో వేయకండి, రంగు ఊడిపోతుంది. నాణేన్ని ముంచి మెరిపించడానికి బజార్లో దొరికే ‘డిప్’ ద్రవాలంటే నాకు సరిపడదు. ముంచిన ప్రతిసారీ పైపొర కొంత పోతుంది, చివరికి తళుకు చచ్చిపోతుంది. సహజంగా సమానంగా రంగు మారిన వెండి నాణేన్ని అసలు కదపకపోవడమే మేలు. దానికోసం ఎక్కువ ధర పెట్టేవాళ్లున్నారు.

ఇక ఖర్చు. కన్జర్వేషన్ ఫీజు, గ్రేడింగ్ ఫీజు, కొరియర్, ఇన్సూరెన్స్ అన్నీ కూడి చూడండి. మామూలు పది రూపాయల నాణేనికి ఆ లెక్క ఎప్పటికీ కుదరదు.

నాణెం స్లాబ్‌లో, అంటే గ్రేడింగ్ సంస్థ మూసి పంపే గట్టి ప్లాస్టిక్ పెట్టెలో, తిరిగొచ్చిందని ధీమాగా ఉండకండి. స్లాబ్‌లోకి గాలి చొరబడుతుంది. బిగుతైన డబ్బాలో తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి, వానాకాలంలో వాటిని త్వరత్వరగా మారుస్తుండండి. నాణేలు తెచ్చినవాళ్లు ఇప్పుడు ముందుకు రండి. అంచులు పట్టుకుని మాత్రమే చూపించండి.