క్రీట్ వెళ్దామా వదినా? – ఆల్ ఇన్‌క్లూజివ్ సెలవుల ముచ్చట్లు

నేను: అందరికీ నమస్కారమండీ. ఈ వారం మా వదిన మనతో మాట్లాడుతుంది. అన్నయ్యా వాళ్ళుండేది మాంచెస్టర్‌లో. పోయిన అక్టోబర్‌లో ఇద్దరు పిల్లల్నీ, మా అమ్మనీ వెంటబెట్టుకుని గ్రీస్‌లో క్రీట్ దీవికి వారం రోజులు వెళ్ళొచ్చారు. ఆల్ ఇన్‌క్లూజివ్ ప్యాకేజీ, అంటే విమానం, హోటల్, తిండి అన్నిటికీ కలిపి ముందే కట్టేసేది. ఈసారి మేమూ అనుకుంటున్నాం కాబట్టి నా సందేహాలన్నీ మైకు ముందే అడిగేస్తున్నా. వదినా, గ్రీస్ అనగానే అందరూ శాంతొరీనీ దీవి అంటారు కదా, క్రీట్ ఎందుకు?

వదిన: నేనూ ముందు చూసింది శాంతొరీనీయే. ఫోటోల్లో కనిపించే ఆ తెల్ల ఇళ్ళు, నీలం గుమ్మటాలు కొండ అంచున ఉంటాయి. ఊళ్ళో ఎటు కదిలినా మెట్లే. అత్తయ్యగారి మోకాళ్ళతో అయ్యే పని కాదది. క్రీట్ అలా కాదు. గ్రీస్ దీవులన్నింటిలోకీ పెద్దది, ఈ చివర నుంచి ఆ చివరకు దాదాపు 260 కిలోమీటర్లు. ఇసుక బీచ్‌లున్నాయి, పిల్లలు దిగడానికి లోతులేని నీళ్ళున్నాయి. కానీ అంత పెద్దది కాబట్టే ఎయిర్‌పోర్ట్ చూసుకుని మరీ హోటల్ తీసుకోవాలి. తూర్పు వైపుకు హెరాక్లియన్, పడమటి వైపుకు హన్యా. టికెట్ మీద చానియా అన్నట్టు కనపడుతుంది, రెండూ ఒకటే. అటు హోటల్ తీసుకుని ఇటు దిగావంటే, ప్యాకేజీ వాళ్ళ బస్సు ప్రతి హోటల్ దగ్గరా ఆగుతూ వెళ్ళేసరికి పిల్లలు సోలిపోతారు.

నేను: స్కూళ్ళకు టర్మ్ మధ్యలో ఇచ్చే సెలవుల్లోనే కదా వెళ్ళాలి, మే హాఫ్ టర్మా, అక్టోబర్ హాఫ్ టర్మా?

వదిన: అక్టోబరే అంటాను. మే నెలాఖరులో ఎండ బాగానే ఉంటుంది గానీ సముద్రం ఇంకా చల్లగానే ఉంటుంది, 20 డిగ్రీల దగ్గర. అదే అక్టోబర్ చివర్లో, వేసవంతా కాగిన నీళ్ళు కదా, 22, 23 ఉంటుంది. కాకపోతే ఒకటి రెండు రోజులు వాన పడొచ్చు, హోటళ్ళు కూడా ఒక్కొక్కటే సీజన్ మూసేస్తుంటాయి. జులై, ఆగస్టుల్లో మెల్తెమి అని ఉత్తరపు గాలి కొడుతుంది. రిసార్టులు ఎక్కువ ఉన్నది ఉత్తర తీరంలోనే కాబట్టి అలలు లేస్తాయి, ఎర్ర జెండా ఎగరేస్తే పిల్లల్ని దింపలేం. పోనీ స్కూల్ ఎగ్గొట్టి జూన్‌లో పోదామంటే, ఒక్కో బిడ్డకు తల్లికొకటి, తండ్రికొకటి 80 పౌండ్ల చొప్పున జరిమానా పడొచ్చు.

నేను: అమ్మ వీసా సంగతి చెప్పు. చాలామంది దీని గురించే అడుగుతున్నారు.

వదిన: అమ్మానాన్నలు విజిట్ వీసా మీద ఇక్కడికొచ్చాక, పనిలో పనిగా ఇక్కణ్ణించే షెంజెన్ వీసాకి, అంటే గ్రీస్‌తో సహా చాలా యూరప్ దేశాలకు పనికొచ్చే వీసాకి, వేద్దాం అనుకుంటారు. మామూలుగా ఎవరు ఎక్కడ నివాసముంటే అక్కడే వెయ్యాలి. అందుకని అత్తయ్యగారిది బయల్దేరకముందే హైదరాబాద్‌లో వేయించాం. మాది ఇక్కడ. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ వెయ్యనిస్తారు, పెద్దవాళ్ళకు 90 యూరోలు. 30,000 యూరోల కవర్ ఉన్న ఇన్సూరెన్స్ తప్పనిసరి. అపాయింట్‌మెంట్లు దొరకడమే కష్టం కాబట్టి ప్యాకేజీ బుక్ చేసిన రోజే ఆ పని కూడా మొదలుపెట్టు.

నేను: ప్యాకేజీలో అన్నీ వస్తాయి కదా, మళ్ళీ చేతి నుంచి పెట్టాల్సినవి ఏమైనా ఉంటాయా?

వదిన: ఒకటుంది. గ్రీస్ ప్రభుత్వం గదికి, రాత్రికి ఇంత అని ఒక ఫీజు తీసుకుంటుంది. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా ఫోర్ స్టార్‌కి 10 యూరోలు, ఫైవ్ స్టార్‌కి 15. మాది ఫోర్ స్టార్. రెండు గదులు, ఏడు రాత్రులు, 140 యూరోలు రిసెప్షన్‌లో కట్టాం. ముందే తెలుసు కాబట్టి సరిపోయింది.

తెలియనిది ఇంకొకటి. హోటల్ సైట్‌లో "సముద్రానికి 300 మీటర్లు" అని ఉంది. అబద్ధం కాదు. కానీ ఆ 300 మీటర్లూ దిగుడే. మా గదులేమో అన్నిటికంటే పైన ఉన్న బ్లాకులో, లిఫ్ట్ లేదు. మొదటి రోజు రాత్రి భోజనానికి దిగిన అత్తయ్యగారు, తిరిగి ఎక్కేటప్పుడు మూడు చోట్ల కూర్చున్నారు. పైకేమీ అనలేదు, కూర్చున్నారంతే. నాకు కడుపులో దేవినట్టయింది. మర్నాడు పొద్దున్నే గది మార్పించాను గానీ, బుక్ చేసేముందే అడగాల్సిన మాట అది. హోటల్‌కి ఫోన్ చేసి, గది ఏ బ్లాకులో, రెస్టారెంట్‌కి ఎన్ని మెట్లు, లిఫ్ట్ ఉందా అని అడుగు. పెద్దవాళ్ళున్నారని రాయించు.

నేను: అమ్మ తిండి? గుడ్డు కూడా ముట్టదు.

వదిన: నేనూ చింతకాయ పచ్చడి, రెండు పొళ్ళు పట్టుకెళ్ళాను. కానీ గ్రీకు వంటలో శాకాహారం తక్కువేం కాదు. వాళ్ళ చర్చిలో ఉపవాస రోజులు చాలా ఉంటాయి, అప్పుడు మాంసం, పాలు, గుడ్లు తినరు. ఆ వంటను నిస్తీసిమో అంటారు. ఆ మాట చెప్తే వంటవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. అయితే రొయ్యలు, ఆక్టోపస్ మాత్రం ఉపవాసంలో తినొచ్చు వాళ్ళకు. కాబట్టి సముద్రంలోవి కూడా వద్దని విడిగా చెప్పాలి. బఫేలో టమాటాల్లో అన్నం కూరినవి, టమాటాతో ఉడికించిన బెండకాయ, పెద్ద చిక్కుడు గింజల కూర, పెరుగు అన్నీ ఉన్నాయి.

అయినా అసలు సంగతి బఫేలో కాదు. ఆల్ ఇన్‌క్లూజివ్ అతిథులమని హోటల్‌వాళ్ళు చేతికి ఆ బ్యాండ్ కట్టగానే మనసులో ఒక లెక్క మొదలవుతుంది. డబ్బు కట్టేశాం, బయట తింటే దండగ అని. మూడు రోజులు గేటు దాటలేదు మేము. నాలుగో రోజు మధ్యాహ్నం హెర్సోనిసోస్ పైన కొండమీద కుతులుఫారి అనే ఊరికి టాక్సీలో వెళ్ళాం. చిన్న తవెర్నా, అంటే వాళ్ళ భోజనశాల, నాలుగు బల్లలు. ఆకుకూర ఏదైనా ఉందా అంటే ఒక పళ్ళెం తెచ్చింది అక్కడి ఆవిడ. ఉడికించిన ఆకు, మీద ఆలివ్ నూనె, పక్కన నిమ్మకాయ బద్ద. అత్తయ్యగారు ఫోర్క్ పక్కన పెట్టి, ఒక కాడ వేళ్ళతో నొక్కి చూశారు. నోట్లో పెట్టుకుని, "ఇది తోటకూరేనే" అన్నారు.

నేను: నిజంగా తోటకూరేనా?

వదిన: తోటకూర జాతే. వాళ్ళు వ్లీతా అంటారు. వేసవి కూర, అప్పటికి ఆఖరి కోతలు. నేను ఫోన్లో తోటకూర ఫోటో చూపిస్తే, ఆవిడ లోపలికెళ్ళి పచ్చి కట్ట ఒకటి పట్టుకొచ్చింది, వేళ్ళకు మట్టితో సహా. భాష ఒక్క ముక్క రాదు ఇద్దరికీ. అత్తయ్యగారు వేలితో చూపిస్తూ ముదురు కాడ వేరు, లేత కాడ వేరు అని విడదీస్తుంటే, ఆవిడ తలూపుతూ ఏదో చెప్తోంది. మన గంగవాయిలి కూర కూడా అక్కడ తింటారట, పచ్చిగానే సలాడ్‌లో వేస్తారు. ఆ మధ్యాహ్నం నుంచి అత్తయ్యగారికి ఆ ఊరు పరాయిది కాలేదు.

అందుకే చెప్తున్నా, హోటల్ కంటే ముందు ఊరు చూడు. నడిచి వెళ్ళగలిగే ఊరు ఉండాలి. ఆ తవెర్నాలు మన భోజనాల మీదే బతకాలి. హోటల్ గోడ లోపలే తిని వచ్చేస్తే ఆ ఊరికి మనవల్ల ఏం ఒరిగింది? కనీసం రెండు మధ్యాహ్నాలు బయట తినేలా ముందే అనుకో. రోజూ తిరిగేవాళ్ళైతే ఆల్ ఇన్‌క్లూజివ్ వద్దు, హాఫ్ బోర్డ్ చాలు, అంటే పొద్దున టిఫిను, రాత్రి భోజనం మాత్రమే హోటల్లో.

నేను: చూడ్డానికి?

వదిన: క్నోసోస్ ఒక్కటైనా చూపించు పిల్లలకి. హెరాక్లియన్‌కు 5 కిలోమీటర్లు. బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఆర్థర్ ఎవాన్స్ 1900 నుంచి తవ్వించిన రాజభవనం, మినోవన్లు అనే ప్రాచీన క్రీట్ జనాలది. ఆ ఎర్ర స్తంభాలు చాలావరకు ఆయన కాంక్రీటుతో కట్టించినవే, అది పిల్లలకు ముందే చెప్పు. మనిషెత్తు మట్టి కాగులు మాత్రం అసలువి, నూనె, ధాన్యం పోసుకునేవాళ్ళట. మావాడు వాటి దగ్గర నుంచి కదల్లేదు. పొద్దున్నే వెళ్ళండి, తర్వాత గుంపులు, ఎండ.

నేను: మళ్ళీ వెళ్తే అక్కడే ఉంటారా?

వదిన: జార్జియూపోలి తీసుకుంటా, హన్యా వైపు. ఒక రోజు కారులో వెళ్ళి చూశాం. చదును నేల, పొడవాటి ఇసుక బీచ్, మధ్యలో నీలగిరి చెట్ల కింద చిన్న కూడలి. అత్తయ్యగారు ఆ చెట్ల కింద బల్ల మీద గంట కూర్చున్నారు, లేద్దామంటే లేవలేదు. మీరు అటే చూడండి. అమ్మని మళ్ళీ తీసుకెళ్తున్నారా?

నేను: అదే అనుకుంటున్నా.

వదిన: అయితే ముందు ఆవిడ పాస్‌పోర్ట్ గడువు చూడు. షెంజెన్ నుంచి బయటికొచ్చే రోజు తర్వాత ఇంకా మూడు నెలలు ఉండాలి.

నేను: ఈ రాత్రికే ఫోన్ చేస్తా. వచ్చే వారం కలుద్దామండీ.