ఎదురింట్లో దిగిన మనిషి: 'వేకో' సిరీస్ మీద అక్కాతమ్ముళ్ల కబుర్లు

తమ్ముడు: అందరికీ నమస్కారం. అక్కా, నువ్వు చూడమన్న సిరీస్ నాకు నిద్ర లేకుండా చేసింది. ఆరు ఎపిసోడ్లే కదా అని శనివారం రాత్రి మొదలుపెట్టాను, అయ్యేసరికి తెల్లారిపోయింది.

అక్క: 'వేకో'. 2018లో అమెరికాలో పారమౌంట్ నెట్‌వర్క్‌లో వచ్చింది. చూడనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. టెక్సాస్‌లో వేకో ఊరి బయట మౌంట్ కార్మెల్ అని పెద్ద చెక్క కట్టడం, అందులో బ్రాంచ్ డేవిడియన్లు అనే చిన్న క్రైస్తవ శాఖ వాళ్లు కలిసి బతుకుతుంటారు. వాళ్ల గురువు డేవిడ్ కొరెష్. గిటార్ వాయిస్తాడు, బైబిల్ చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథంలోని ఏడు ముద్రలను విప్పేవాణ్ణి నేనే అంటాడు. లోపల మామూలు రైఫిళ్లను మెషిన్‌గన్‌లుగా మారుస్తున్నారని ఏటీఎఫ్‌కు, అంటే తుపాకుల చట్టాలు చూసే కేంద్ర సంస్థకు అనుమానం.

తమ్ముడు: నన్ను పట్టుకున్నది కొరెష్ కాదక్కా, ఆ ఎదురింటాయన. జాన్ లెగ్విజామో వేసిన జేకబ్ వాస్క్వెజ్.

అక్క: ఆ పాత్ర వెనక అసలు మనిషి ఉన్నాడు, ఏటీఎఫ్ రహస్య ఏజెంట్ రాబర్ట్ రోడ్రిగెజ్. 1993 జనవరిలో ఏటీఎఫ్ వాళ్లు రోడ్డుకు అవతల ఇల్లు అద్దెకు తీసుకుని కాలేజీ స్టూడెంట్లమని చెప్పుకున్నారు. వయసు చూస్తే స్టూడెంట్లలా లేరు, కార్లేమో మరీ కొత్తవి. ఊరి బయట ఎదురింట్లో ఎవరో దిగితే ఎవరికైనా అనుమానం రాదా?

తమ్ముడు: అయినా కొరెష్ లోపలికి రమ్మన్నాడు.

అక్క: రమ్మని, కూర్చోబెట్టి బైబిల్ చెప్పాడు. నిఘా కోసం వెళ్లిన మనిషి వాళ్లతో మాట్లాడుతూ, వాళ్ల ముఖాలు అలవాటు చేసుకుంటూ ఉంటే లోపల ఏమవుతుందో సిరీస్ తొందరపడకుండా చూపించింది, నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

తమ్ముడు: ఆ ఆదివారం పొద్దున సంగతి చెప్పు.

అక్క: ఫిబ్రవరి 28. మౌంట్ కార్మెల్ మీద ఏటీఎఫ్ దాడి ఆ రోజే. ఒక టీవీ కెమెరామన్ దారి తెలియక, పోస్టు బట్వాడా చేసే ఒకాయన్ని అడిగాడు, మాటల్లో దాడి సంగతి బయటపడింది. ఆ పోస్టుమన్ ఎవరో కాదు, కొరెష్ బావమరిది! కబురు వెంటనే లోపలికి చేరింది. అప్పటికి రోడ్రిగెజ్ కొరెష్ ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. ఫోన్ వచ్చిందని కొరెష్‌ను బయటికి పిలిచారు. తిరిగొచ్చేసరికి మనిషి వణికిపోతున్నాడు, బైబిల్ పట్టుకున్నా చదవలేకపోతున్నాడు. కిటికీ దగ్గరికెళ్లి చూసి, "వస్తున్నారు రాబర్ట్" అన్నాడు. చెయ్యి కలిపి 'గుడ్ లక్' చెప్పి పంపించాడు.

తమ్ముడు: వింటుంటేనే చేతులు చల్లబడుతున్నాయి. తన మీద నిఘా పెట్టినవాడని అప్పటికే అనుమానం ఉండి కూడా, ఏమీ చెయ్యకుండా వదిలేశాడు.

అక్క: రోడ్రిగెజ్ అద్దె ఇంటికి పరుగెత్తి కమాండర్‌కు ఫోన్ చేశాడు, వాళ్లకు తెలిసిపోయింది అని. అటు నుంచి వచ్చిన ప్రశ్నలు ఏమిటంటే, కొరెష్ ఏం బట్టలు వేసుకున్నాడు, చేతిలో తుపాకీ ఉందా? అయినా దాడి ఆపలేదు. ఆయన కమాండ్ పోస్టుకు చేరేసరికి వాళ్లు బయలుదేరిపోయారు, ఏజెంట్లు పశువుల ట్రైలర్లలో దాక్కుని మరీ వెళ్లారు. బయట కూర్చుని ఏడ్చానని 1995లో కాంగ్రెస్ విచారణలో ఆయనే చెప్పాడు.

తమ్ముడు: ఆ రోజే నలుగురు ఏజెంట్లు, లోపలివాళ్లు ఆరుగురు పోయారు.

అక్క: ఒక మనిషిని ప్రాణాల మీదికి తెచ్చుకుని లోపలికి వెళ్లమంటారు, వాడు నిజం పట్టుకొస్తే వినరు. నాకు కోపం అక్కడే వస్తుంది.

తమ్ముడు: ఒక్క మాట అక్కా. కొరెష్‌ను సిరీస్ మరీ మంచిగా చూపించలేదూ? టేలర్ కిట్ష్ నటన చూస్తే ఎవరికైనా జాలి పుడుతుంది.

అక్క: ఒప్పుకుంటాను. మైనర్ అమ్మాయిలతో పిల్లల్ని కన్నవాడు అతను. ఆ ఆడపిల్లల వైపు నుంచి కనీసం ఒక ఎపిసోడైనా ఉండాల్సింది. బతికి బయటపడిన డేవిడ్ థిబడో పుస్తకం, దాడి తర్వాత ఎఫ్‌బీఐ తరఫున లోపలివాళ్లతో మంతనాలు జరిపిన గేరీ నోస్నర్ పుస్తకం, ఈ రెండింటి మీద ఆధారపడి తీశారు, అందుకని కథ ఆ ఇద్దరి వైపు మొగ్గింది.

తమ్ముడు: నాలుగో ఎపిసోడ్‌లో పాలు...

అక్క: దాడి తర్వాత ముట్టడి 51 రోజులు సాగింది. లోపలి పిల్లలకని పంపిన పాల డబ్బాల్లో ఎఫ్‌బీఐ మైకులు పెట్టింది. ఏప్రిల్ 19 పొద్దున టియర్ గ్యాస్ వదిలారు, మధ్యాహ్నం మంటలు లేచాయి, 76 మంది చనిపోయారు, పిల్లలే పాతిక మంది దాకా. నిప్పు లోపలివాళ్లే పెట్టారని ప్రభుత్వం తేల్చింది, బతికినవాళ్లు ఒప్పుకోలేదు. ఇంధనం పొయ్యమనే మాటలు ఆ రోజు మైకుల్లో రికార్డయ్యాయి.

తమ్ముడు: మరి విన్నవాళ్లు అప్పుడే ఎందుకు ఆపలేదు?

అక్క: అప్పుడు ఆ మాటలు అర్థం కాలేదన్నారురా. తర్వాత టేపులు శుభ్రం చేయించి వింటే తెలిసింది.