తుపాకీ కొయ్యకు అతుకు: ఒక పాత ఎన్‌ఫీల్డ్ కథ

హోస్ట్: అందరికీ నమస్కారం. తిరుపతి నుంచి మాట్లాడుతున్నా. ఈరోజు నా ముందు బల్ల మీద 1853 పాటర్న్ ఎన్‌ఫీల్డ్ తుపాకీ ఉంది, బ్రిటిషోళ్ల కాలంలో మూతిలోంచి మందు దట్టించి కాల్చిన రకం. 39 అంగుళాల గొట్టం, లాకు అంటే మందును పేల్చే యంత్రం, గొట్టాన్ని కొయ్యకు పట్టి ఉంచే మూడు ఇనుప పట్టీలు, మిగిలిన కొయ్య, అన్నీ విడివిడిగా ఉన్నాయి. చిత్తూరు పక్క పల్లెలో మా మేనమామ వాళ్ల అటక మీద నుంచి దించినాం. ముందు సగం కొయ్యను చెదలు తినేసినాయి. ఏర్పేడు దగ్గర మాధవమాలలో దేవుడి బొమ్మలు చెక్కుతూ పెరిగిన మేస్త్రి గారు మనతో ఉన్నారు. అన్నా, దీనికి కొత్త కొయ్య యాడ దొరుకుతుంది?

మేస్త్రి: అది తర్వాత మాట్లాడుకుందాం తల్లీ. గొట్టం ఖాళీనా కాదా చూసినారా?

హోస్ట్: చూడలేదన్నా. వందేళ్లు దాటిన తుపాకీ కదా.

మేస్త్రి: అందుకే చూడాల. మందు దట్టించి అట్లే వదిలేసినవి శానా ఉంటాయి. తుపాకీమందు తడి తగలకుండా ఉంటే వందేళ్లైనా అంటుకుంటాది. ఇట్ల రా, మూతికి ఎదురుగా నిలబడొద్దు. ఈ సన్న వెదురు పుల్లను మెల్లగా దించి, మూతి దగ్గర గీత పెట్టు. ఇప్పుడు తీసి గొట్టం పక్కన ఆనించి చూడు. యాడిదాకా వచ్చింది?

హోస్ట్: గొట్టం అడుగున, నిప్పురవ్వ పుట్టించే చిన్న రాగి టోపీ పెట్టే నిపుల్ దాకా వచ్చింది.

మేస్త్రి: అయితే ఖాళీనే. నాలుగు వేళ్లు తక్కువ వచ్చి ఉంటే నేను ఈ గొట్టం ముట్టుకునేవాణ్ణే కాదు. పొడవకుండా, వేడి చేయకుండా పోలీసోళ్లకు చెప్పాల.

హోస్ట్: ఈ తుపాకీ సంగతి స్టేషన్‌లో ముందే చెప్పి, రాతపూర్వకంగా ఇచ్చి వచ్చినామన్నా. వినేవాళ్ల కోసం చెప్తున్నా. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ ప్రకారం, మరమ్మతు చేసినా కాల్చడానికి పనికిరాని పాతకాలపు ఆయుధానికి మినహాయింపు ఉంది. మా దాంట్లో గొట్టం అడుగు తుప్పు తిని చిల్లులు పడింది. అయినా పనికిరాదని మనంతట మనమే తేల్చుకోకూడదు. ఇక కొయ్య సంగతి చెప్పన్నా. ఎన్‌ఫీల్డ్ నమూనాలు ఇప్పటికీ విదేశాల్లో చేస్తున్నారు కదా, ఒక కొయ్య తెప్పించి బిగించేస్తే సరిపోదా?

మేస్త్రి: లాకు రేకు మీద ఏం రాసుందో చదువమ్మా.

హోస్ట్: కిరీటం గుర్తు, దాని ముందు ‘టవర్’ అని ఉంది.

మేస్త్రి: అదీ సంగతి. ‘ఎన్‌ఫీల్డ్’ అని ఉంటే లండన్ పక్కన సర్కారు ఫ్యాక్టరీలో చేసింది. 1850ల్లో వాళ్లు అమెరికా నుంచి కొయ్య తొలిచే యంత్రాలు తెప్పించినారు. అప్పటి నుంచి ఒకదాని కొయ్య ఇంకోదానికి సరిపోయేది. టవర్ అని ఉన్నవి బర్మింగ్‌హామ్ మాదిరి ఊర్లలో కాంట్రాక్టు పనోళ్లు చేతితో కూర్చినవి. ఈ లాకు ఈ గుంటలో తప్ప ఇంకోదాంట్లో కూర్చోదు. రెడీమేడ్ కొయ్య తెప్పిస్తే మరమేకుల బెజ్జాలు కూడా కలవవు. తుపాకీ భాగం అని కస్టమ్స్‌లో ఆపుతారు, అది ఇంకో తలనొప్పి.

హోస్ట్: మా బంధువులైతే ఎర్రచందనంతో చేయించమన్నారు. శేషాచలం పక్కనే ఉంది కదా అని.

మేస్త్రి: నాకు ఆ మాట వింటేనే కష్టంగా ఉంటాది. చేవ ఎర్రచందనం నీళ్లల్లో వేస్తే మునుగుతాది, అంత బరువు. అటవీ శాఖ కాగితాలు లేని ముక్క నేను ఇంట్లోకి రానియ్యను. ఆ కాగితాలు ఉన్నా ఈ తుపాకీకి పెట్టను. ఇది అక్రోటు కొయ్యతో పుట్టింది, వాల్‌నట్ అంటారే అది. ఉలికి మెత్తగా తెగుతాది, ఎండకూ వానకూ పెద్దగా వంకర పోదు, దెబ్బకు చీలదు. తుపాకులకు దాన్నే ఎంచుకున్నది అందుకే.

హోస్ట్: మనకు అక్రోటు యాడుందన్నా?

మేస్త్రి: చెట్టు కాశ్మీరులో, హిమాచల్‌లో ఉంటాది. ఒకసారి పెద్ద ఊర్లో ఒక వ్యాపారి దగ్గర బాగా ఆరిన అక్రోటు అని పలక కొన్న్యా. పైన పాలిష్ నిగనిగ, లోపల పచ్చి. దాంతో ఒక తుపాకీ కొయ్య చెక్కినా. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, పచ్చి కొయ్య నిలుస్తాదా? ఒక రాత్రి టప్‌మని శబ్దం వచ్చింది. తెల్లారి చూస్తే మెడ కాడ, అదే చేత్తో పట్టుకునే సన్నటి చోట, నిలువునా చీలి ఉండాది. పదిహేను రోజుల పని అది. ఆ రోజు అన్నం సహించలేదు నాకు.

హోస్ట్: మరి ఆరిందో లేదో ఎట్ల తెలుసుకోవాల?

మేస్త్రి: అంగుళం మందానికి ఏడాది అని మా లెక్క. నమ్మకం లేకపోతే నెలకోసారి తూకం వేసి, ఆ ముక్క మీదనే పెన్సిల్‌తో రాయి. మూడు నెలలు తూకం మారకపోతే ఆరినట్టు. నేను ఇప్పుడు కొత్త పలకలు కొననే కొనను. పాత కాశ్మీరు బల్లలు, విరిగిన మంచం పట్టెలు వెతుకుతా. మదనపల్లె, హార్స్‌లీ హిల్స్ పక్క పాత బంగళాల సామాన్లు అమ్మేటప్పుడు పోతా. యాభై ఏండ్లు ఇంట్లో ఆరిన కొయ్య ఇంక యాడికి కదుల్తాది? ఒక్కటి చూసుకోవాల, పోగులు నిలువుగా పోవాల. ముఖ్యంగా మెడ కాడ అడ్డంగా పోయే పోగులు ఉంటే ఆ ముక్క వద్దనే వద్దు.

హోస్ట్: దీనికి అంత పొడవు ముక్క కావాలా?

మేస్త్రి: వద్దమ్మా, నేను ఇందాకటి నుంచి దాని కాడికే వస్తా ఉండా. చెదలు తినింది ముందు పక్క. లాకు గుంట, మెడ, భుజానికి ఆనించే మడమ అన్నీ గట్టిగా ఉండాయి. నూటయాభై ఏండ్ల కింద ఒక పనోడు ఉలితో తీసిన గుంట అది. దాన్ని పారేసి కొత్తది పెట్టేదానికి నాకు చేతులు రావు. నడిమి పట్టీ కింద కొయ్యను సూటిగా కోసి, ముందు భాగం మాత్రం కొత్తది అతుకుతా. అతుకు గీత పట్టీ కింద దాక్కుంటాది.

హోస్ట్: గొట్టం కొత్త ముక్కలో సరిగ్గా కూర్చోవాలి కదా?

మేస్త్రి: దానికి ఆముదం దీపం మసి. చూడు, గొట్టం అడుగున పలచగా పూస్తా ఉండా. ఇట్ల ఈ నమూనా ముక్క గాడిలో పెట్టి, నొక్కి, తీసినా. నల్ల చుక్కలు కనపడతాయా?

హోస్ట్: మూడు చోట్ల. ఒకటి గోరంత ఉంది.

మేస్త్రి: ఆ మూడు చోట్ల మాత్రమే గీకాల. మళ్లీ మసి, మళ్లీ గీకుడు. గాడి పొడవునా మసి సమంగా అంటేదాకా ఇదే. మూడో రోజుకు విసుగొచ్చి ఉలి లోతుగా దించినావంటే ఆ ముక్క పోయినట్టే.

హోస్ట్: పాత భాగాన్ని సాండ్ పేపర్‌తో రుద్ది శుభ్రం చేద్దామనుకున్నా.

మేస్త్రి: వద్దు తల్లీ! మడమ కుడి పక్కన వేలితో తడిమి చూడు. గుండ్రంగా ఏదో తగుల్తా ఉందా?

హోస్ట్: ఉంది... అక్షరాలు అరిగిపోయినాయి కానీ గుండ్రటి ముద్ర తెలుస్తా ఉంది.

మేస్త్రి: చేసినోళ్ల ముద్ర అది. రెండు నిమిషాలు రుద్దితే మాయమైపోతాది. సొట్టలుంటే తడిగుడ్డ పరిచి ఇస్త్రీ పెట్టె ఆనించు, ఆవిరికి కొయ్య పైకి లేస్తాది. లాకు చుట్టూ నూనె తాగి నల్లబడిన చోట సుద్దపొడి ముద్ద పూసి ఎండలో పెట్టు. మన తిరుపతి ఎండకు నూనె సుద్దలోకి ఎక్కుతాది. పొడి పసుపు రంగుకు తిరిగితే దులిపి మళ్లీ పూయి. చివర్లో అవిసె నూనె, అరచేత్తో రుద్ది పలచగా పట్టించాల.

హోస్ట్: మరి కొత్త ముక్క?

మేస్త్రి: మదనపల్లె పక్క నుంచి తెచ్చిన బల్ల కాలు ఒకటి నా దగ్గర ఉండాది. పోయిన నెల 2 కిలోల 140 గ్రాములు, నిన్న 2 కిలోల 135. ఇంకో రెండు నెలలు చూస్తా. సంక్రాంతి దాటినాక గొట్టం తీసుకుని రా.